పిన్నిగారి వెనక గదిలో దీవి

పిన్నిగారు పోయారన్న కబురు వచ్చినప్పుడు నేను నిచ్చెన మీద ఉన్నాను, మూడో అంతస్తు మెట్ల దగ్గర కాలిపోయిన బల్బు మారుస్తూ. తన తరఫున ఎవరికి ఫోన్ చేయాలని ఆసుపత్రి వాళ్ళు అడిగితే ఆవిడ నా నంబరు ఇచ్చారట. నర్సు ఒక్కో మాటా విడదీసి మెల్లగా చెప్పింది. నిచ్చెన దిగాను. ఏడుపు రాలేదు. దానికంటే ముందు భయం వచ్చింది. పొద్దున వెనక గదిలో హీటరు చూశానా? చూసినట్టే గుర్తు. ఆ గుర్తు ఇవాళ్టిదా, నిన్నటిదా?

బల్బు సంగతి వదిలేసి కింద ఆవిడ వాటాకు పరిగెత్తాను. తాళం నా దగ్గరే ఉంది. హీటరు వెచ్చగానే ఉంది. గాజు పెట్టెల మీద మూతలు సరిగ్గానే ఉన్నాయి. మేకుకు తగిలించిన స్ప్రే సీసా తీసుకుని ఒక్కో పెట్టెలో సన్నగా నీళ్ళు చల్లాను. చల్లుతున్నప్పుడు తెలిసింది, ఇక సాయంత్రం ఆసుపత్రి నుంచి ఆవిడ ఫోన్ రాదని.

మనిషి పోయిందని తెలియగానే నత్తలకు నీళ్ళు చల్లినవాణ్ణి చూసి మీరేమనుకుంటారో నాకు తెలియదు. ఆవిడ మాత్రం ఇంకేమీ అడగకముందు అదే అడిగి ఉండేవారు.

సమాధి దగ్గర నాలుగు మాటలు చెప్పమని పాస్టరుగారు నన్ను పిలిచారు. వెళ్ళి నిలబడ్డాను, నోరు పెగల్లేదు. మళ్ళీ వెనక్కి వచ్చేశాను. రోజు ఖర్చు రాసుకోవడం తప్ప ఇంకేమీ రాసి ఎరగనివాణ్ణి. ఆ రోజు చెప్పలేకపోయిన మాటలు మన సంఘం పత్రికకు రాయమని శ్రావ్య పట్టుబట్టింది కనక ఇలా మొదలుపెట్టాను. శ్రావ్య ఎవరో ముందుకు వెళ్ళాక చెబుతాను.

బ్యోబ్లింగెన్‌లో కొన్ని అపార్ట్‌మెంట్లకు నేను హౌస్‌మైస్టర్‌ని. కుళాయి కారినా, తాళం పట్టేసినా నన్ను పిలుస్తారు. మా ఆవిడకు ఇక్కడ, జర్మనీలో, నర్సు ఉద్యోగం వస్తే వెనకాలే వచ్చాను. పైపుల పని, కరెంటు పని ఊళ్ళో చూసి నేర్చుకున్నవి. జర్మన్ భాష రంగు డబ్బాల మీదా, బాయిలర్ల లోపలి అట్టల మీదా కూడబలుక్కుని నేర్చుకున్నాను.

ఒక చలికాలం, కింది వాటా నుంచి తేమ ఎక్కి తమ గోడకు బూజు పడుతోందని పై వాటా వాళ్ళు ఫిర్యాదు చేశారు. ఈ దేశంలో ఇంటి బూజు చిన్న విషయం కాదు. షిమ్మెల్ అన్న మాట ఒకసారి కాగితం మీద పడిందంటే ఇల్లు ఖాళీ చేయించేదాకా పోవచ్చు. తేమ కొలిచే మీటరు పట్టుకుని వెళ్ళాను. తలుపు తీసింది బక్కపలచని పెద్దావిడ. ఉన్ని శాలువా, మెడలో చిన్న శిలువ. ఇక్కడి పాతకాపుల యాసలో జర్మన్ గడగడా మాట్లాడుతూ అన్ని గదులూ చూపించారు, ఒక్క వెనక గది తప్ప. అందులో ఏమీ లేదన్నారు. నా మీటరు ఆ తలుపు దగ్గరే పైపైకి పోతోంది. తీయక తప్పదన్నాను. గడియ మీద చెయ్యి వేసి కొంతసేపు అలాగే నిలబడి, తీశారు.

బయట మంచు కురుస్తోంది. ఆ గదిలో మాత్రం వానలు పడి వెలిసిన గోదావరి గట్టు. గాలి ముఖానికి తగలగానే నాకు తెలియకుండానే, "అబ్బ, ఏం ఉక్కరా బాబూ" అన్నాను.

ఆవిడ ఉలిక్కిపడ్డారు. "ఏ ఊరు నాయనా నీది?"

"రాజమండ్రి దగ్గరండి."

"మాది నర్సాపురం దగ్గర. బూజుందని రాసేస్తావా?"

పలకరింపూ, బతిమాలడమూ ఒకే ఊపిరిలో వచ్చాయి. ఆవిడను పిన్నిగారని పిలవడం ఆ రోజే మొదలైంది.

గదిలో అరల మీద గాజు పెట్టెలు, వాటి నిండా ఆకులు. ఇంకేమీ కనబడలేదు. ఆవిడ ఒక పెట్టె మూత తీసి, ఒక ఆకును రెండు వేళ్ళతో పట్టి తిరగేశారు. ఆకు అడుగున గోటి పాటి నత్త. గుల్ల కాల్చిన చింతగింజ రంగు, దాని చుట్టూ సన్నటి తెల్ల గీత. మా వైపు నత్తల కూర కొత్తేమీ కాదు. అందుకే నేను అమాయకంగా, "కూరకి పెంచుతున్నారాండీ?" అని అడిగాను.

ఆవిడ నావైపు నోరు తెరుచుకుని చూశారు. తర్వాత నవ్వు ఆపుకోలేక స్టూలు మీద కూలబడ్డారు. "ఇవన్నీ కలిపి వండినా నీకు తాలింపులోకి కూడా రావురా అబ్బాయ్!" కళ్ళు తుడుచుకున్నాక గొంతు తగ్గించి చెప్పారు. "ఇవిగో ఇవీ, ఇంకో రెండు మూడు జూల్లో ఇలాగే పెట్టెల్లో ఉన్నవీ. భూమ్మీద అంతే. ఇంకెక్కడా లేవు."

వాటి ఊరు ఒక దీవి. పసిఫిక్ సముద్రం నడిమధ్యలో, మ్యాపు మీద ఈగ వాలినంత చుక్క. అక్కడి కొండ లోయల్లో చెట్ల ఆకుల అడుగున తప్ప ఈ జాతి ఇంకెక్కడా పుట్టలేదు. ఎవరో తినడానికని బయటి నుంచి పెద్ద నత్తలను తెచ్చారట. అవి పెరిగిపోయి తోటలు నాశనం చేస్తుంటే, వాటిని చంపడానికని నత్తల్ని తినే ఇంకో రకం నత్తను తెచ్చి వదిలారట. అది పెద్దవాటి జోలికి పోకుండా, సులువుగా దొరికే ఈ చిన్నవాటిని తినేసింది. ఇవి గుడ్లు పెట్టవు. ఒక్కో పిల్లను, అదీ నెమ్మదిగా, కంటాయి. మళ్ళీ పుంజుకోవడానికి వ్యవధి చాలలేదు. చివరికి మిగిలినవాటిని ఏరి, విమానంలో పంపి, తలా కొన్ని పంచుకుని పెంచడం మొదలుపెట్టారు.

పిన్నిగారి భర్త జర్మన్ వారు. ఒక మ్యూజియంలో గుల్లలు చూసే ఉద్యోగం. నత్తల సంగతి తెలిసిన మనిషి కనక జూ వాళ్ళు కొన్నిటిని ఆయనకు అప్పగించారు. ఆయన పోయాక తిరిగి తీసుకెళ్తామన్నారు. వాళ్ళ దగ్గర గది సిద్ధమయ్యేదాకా ఉండనివ్వమని ఈవిడే అడిగారట. మధ్యలో వచ్చి చూసి పోయేవాళ్ళు. ఇక్కడ బాగానే పిల్లల్ని పెడుతున్నాయి కదా అని అలాగే వదిలేశారు.

ఆ రోజు నేను బూజు లేదని రాయలేదు, అబద్ధం రాయడం నాకు రాదు. బయటి గోడకు ఆనుకున్న అరల్ని లోపలికి జరిపాను. కిటికీ పై రెక్కలో చిన్న ఫ్యాను బిగించాను. పై వాటా గోడ కడిగి సున్నం వేశాను. తర్వాత, కారణం తెలిసింది, సరిచేశాను అని రాశాను. గోడకు సున్నం వేస్తుంటే పిన్నిగారు కిందికీ పైకీ తిరుగుతూ చూశారు. వాళ్ళ నాన్నగారిది గుల్ల సున్నం బట్టీ అట. "మా నాన్న గుల్లలు కాల్చి సున్నం చేసేవాడు. నేను సున్నం పెట్టి గుల్లలు చేయిస్తున్నాను" అన్నారు. ఆ మాట గొప్పగా అనలేదు. చాకలి పద్దు చదివినట్టు అన్నారు.

సున్నం పెట్టడం అంటే నిజంగానే. ఓట్స్ పిండి, ఇక్కడ కాలవ గట్ల మీద పెరిగే ఒక దురద ఆకును ఎండబెట్టి కొట్టిన పొడి, సుద్దపొడి, ఇవన్నీ కలిపి జావలా చేసి, రంగుల బ్రష్షుతో గాజు గోడకు పూసేవారు. పొద్దున్నే వెళ్ళి ఆ పూతను వెలుతురుకు అడ్డంగా చూసేవారు. పూత మీద సన్నటి వంకర గీతలు పడి ఉంటే రాత్రి నాకాయన్నమాట. తర్వాత వంటింట్లోకి వచ్చి టీ పెట్టుకునేవారు. గీతలు లేకపోతే ఆ రోజు టీ లేదు.

మనుషుల్ని "తిన్నావా" అని పలకరించడం మనందరికీ అలవాటే. పిన్నిగారు రెండు ప్రశ్నలు కలిపి అడిగేవారు. తిన్నావా, తిన్నాయా. ఏదైనా పని మీద నేను ఆ గదిలోకి వెళ్ళి వచ్చానంటే నాకు నీళ్ళ గ్లాసు ఇస్తూనే, "తిన్నాయా?" చలికాలంలో మందుల షాపుకు వెళ్ళి అరగంటలో తిరిగి వచ్చినా, బూట్లు విప్పకముందే గది తలుపు తీసి వాటినే అడిగేవారు.

ఆవిడ భయం నేను వర్ణించలేను. కరెంటు పోతుందని భయం. ఎండాకాలం గది వేడెక్కిపోతుందని భయం. పై వాటా వాళ్ళు బాల్కనీ మొక్కలకు మందు కొడితే ఆ గాలి ఎటు వీస్తుందోనని భయం. ఇక్కడ వాళ్ళు రోజూ కిటికీలు బార్లా తెరిచి ఇంటికి గాలి పట్టిస్తారు కదా, పిన్నిగారికి ఆ అలవాటు తలుచుకుంటేనే వణుకు. గదిలోకి వెళ్ళేముందు చేతులకు క్రీము ఉండకూడదు, అత్తరు ఉండకూడదు, సబ్బు వాసన ఉండకూడదు. "నా మీద చెమట వాసన ఉంటే ఫరవాలేదాండీ?" అంటే, "నీ చెమటకి అలవాటు పడ్డాయిలే, పాపం వాటికి వేరే గతేముంది?" అనేవారు.

ఇంత భయంతో ఎలా ఉంటున్నారండీ అని ఒకసారి అడిగాను. వయసులో ఉన్నప్పుడు ఆవిడ ఇక్కడి ఆసుపత్రుల్లో నర్సుగా చేశారు. "భయం లేని నర్సుకి డ్యూటీలో నిద్ర వస్తుంది నాయనా. భయపడుతూనే చెయ్యాలి. భయం పోయాక చేద్దామని కూర్చుంటే అవి చచ్చూరుకుంటాయి." ఆ మాట మా ఆవిడకు చెబితే, "ఆ ముక్క మా వార్డు గోడ మీద రాయాలి" అంది.

ఊరు వెళ్ళరా అనీ అడిగాను. ఆయన పోయిన తర్వాత ఒక్క రాత్రి కూడా ఆవిడ ఇల్లు వదల్లేదు. నెలకోసారి ష్టుట్‌గార్ట్ దగ్గర తెలుగు ఆరాధన జరిగితే, భోజనాలకు ఆగకుండా మొదటి బండికి తిరిగి వచ్చేసేవారు. "నా ఊరు ఎక్కడికీ పోదురా. వీటి ఊరే పోయింది" అన్నారు.

శ్రావ్య ఆ ఇంటికి వచ్చింది గది దొరక్క. కరీంనగర్ అమ్మాయి, ఇక్కడ మాస్టర్స్ చదువుతూ బ్యోబ్లింగెన్ ఆఫీసులో థీసిస్ చేస్తోంది. అన్‌మెల్డుంగ్‌కు అంటే ఉంటున్న చోటు నమోదుకు, అడ్రసు లేక, ఎక్కడికి వెళ్ళినా టెర్మిన్, అంటే అపాయింటుమెంటు, దొరక్క తిరుగుతుంటే పిన్నిగారు ముందు గది ఇచ్చారు. మొదటి వారమంతా వెనక గది తలుపు దగ్గర నుంచే మాట్లాడేది.

"అవి ఎగిరి మీదికి రావు గద అమ్మమ్మా?"

"నత్తలే! ఎగిరేదాకా నువ్వు బతికుంటే నాకు చెప్పు."

తర్వాత్తర్వాత ఆ పిల్లే జావ కలపడం నేర్చుకుంది. దురద ఆకు కోయడానికి చేతికి ప్లాస్టిక్ సంచులు తొడుక్కుని కాలవ గట్టున తిరిగితే దారిన పోయేవాళ్ళు ఆగి చూసేవారు.

ఒక ఆకురాలు కాలంలో పిన్నిగారికి గుండె బాగా లేక మొదటిసారి ఆసుపత్రిలో చేర్చారు. స్ట్రెచర్ మీద పడుకోబెట్టి తీసుకెళ్తుంటే, ముఖానికి పెట్టిన ఆక్సిజన్ గొట్టం పక్కకు లాగి నాతో, "మూడో పెట్టె మూత గట్టిగా నొక్కకు, అంచు మీద పిల్లలుంటాయి" అన్నారు. అంబులెన్సు అబ్బాయి ఏమన్నారని నన్ను అడిగాడు. ఇంటి తాళాల గురించి అని చెప్పాను.

నాకు పనులున్నప్పుడు శ్రావ్య, ఆమెకు ఆఫీసు ఉన్నప్పుడు నేను. జావతో పాటు, దాక్కోవడానికీ కొరకడానికీ సలాడ్ ఆకులు పెట్టేవాళ్ళం. మూడో రోజు మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి శ్రావ్య మొదటి పెట్టె ముందు నిలబడి ఉంది.

"అన్నా, ఇవి గిట్ల నురగ కక్కుతున్నయేంది?"

వంగి చూశాను. ఆకుల మీద ఉన్నవన్నీ గుల్లల్లోకి ముడుచుకుపోయి ఉన్నాయి. గుల్లల మూతి దగ్గర బుడగలు బుడగలుగా నురగ. ఆకు తీసి చూశాను. ఈనెల్లో సన్నగా పసుపు రంగు.

"ఆకు ఎలా కడిగావమ్మా?"

"మంచిగనే కడిగిన అన్నా. దుకాన్ల ఆకు గద, మందులు కొట్టి ఉంటరు. ఇంట్ల గోబిపువ్వు నానబెట్టినట్టు ఉప్పు, పసుపు ఏసి నానబెట్టిన."

పెట్టెలోని ఆకులన్నీ బయట పడేశాను. నా ముఖం చూసి ఆ పిల్లకు అర్థమైంది. మన ఇళ్ళల్లో కాలీఫ్లవరయినా, ఆకుకూరయినా పసుపు ఉప్పు నీళ్ళలో వేయకుండా ఏ తల్లి వండుతుంది? బాగా చూసుకోవాలనే చేసింది. పిన్నిగారు సబ్బు గురించి చెప్పారు, క్రీము గురించి చెప్పారు, అత్తరు గురించి చెప్పారు. నత్తకు ఉప్పు తగలకూడదన్నది మా పల్లెల్లో చంటిపిల్లలకు కూడా తెలుసు కనక చెప్పాలనే తోచలేదు. కరీంనగర్‌లో మూడో అంతస్తులో పెరిగిన పిల్లకు అది ఎవరు చెబుతారు?

కాచి చల్లార్చిన నీళ్ళతో ఒక్కోదాన్నీ కడిగి తడి గుడ్డ మీద పెట్టాం. అప్పుడే ఆసుపత్రి నుంచి ఫోన్.

"తిన్నాయా?"

శ్రావ్య నావైపు చూసింది. నేను ఇంకో గుల్ల కడగడానికి వంగాను. "తిన్నయ్ అమ్మమ్మా. నువ్వు తిన్నవా?" అంది. ఫోన్ పెట్టేసి నేల మీద కూర్చుని ఏడ్చింది. "ఆమె గుండెకు బాగలేదు, గిప్పుడు చెప్తే ఏమైతదో. చెప్పకపోతే నా గుండె పగుల్తది" అంది.

మర్నాడు తనే ఆసుపత్రికి బయల్దేరింది. నేను తోడు వెళ్ళి తలుపు దగ్గర నిలబడ్డాను. ఆ పిల్ల దాచకుండా అంతా చెప్పేసింది. పిన్నిగారు గోడ వైపు తిరిగి పడుకున్నారు. పక్క మంచం ఆవిడ టీవీ తగ్గించింది. మంచం పక్కనున్న మిషను మీద అంకెలు పెరుగుతున్నాయేమోనని నేను వాటినే చూస్తున్నాను. నాకు ఆ గదిలోంచి పారిపోవాలనిపించింది.

చాలాసేపటికి గోడ వైపు నుంచే అడిగారు. "ఉప్పు స్పూనా, చిటికెడా?"

"చిటికెడే అమ్మమ్మా."

"కడిగారా?"

"కడిగినం."

"మళ్ళీ కడగండి. తడి గుడ్డ మీదే ఉంచండి. చచ్చిపోయాయని మీకు మీరే తేల్చకండి. వాసన వచ్చేదాకా బతికున్నట్టే లెక్క." తర్వాత ఇటు తిరిగారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఇంకోసారి తినకపోతే తిన్నాయని చెప్పకు. నేను నర్సుని. రిపోర్టు తప్పు రాస్తే మనిషి పోతాడు."

క్షమించానని ఆవిడ ఎప్పుడూ అనలేదు. శ్రావ్య అడగనూ లేదు. ఆ సాయంత్రం నుంచి ఫోన్ రాగానే శ్రావ్య పెట్టెల వారీగా ఉన్నది ఉన్నట్టు చెప్పేది.

ఆ రోజుల్లో మా ఇద్దరి పనీ ముక్కులతోనే. పొద్దున్నే ఒక్కో గుల్లనూ ఎత్తి వాసన చూసేవాళ్ళం. కొన్ని వాసన వచ్చాయి. వాటి ఖాళీ గుల్లల్ని జూ వాళ్ళ కోసం దూదిలో చుట్టి పెట్టాం. కొన్ని ఏమీ తేల్చకుండా అలాగే ఉన్నాయి. ఒక్కోటి, ఒక్కోటి, కొమ్ములు బయట పెట్టాయి. పిన్నిగారు ఇంటికి వచ్చేసరికి ఆ పెట్టెలో జనం బాగా పలచబడ్డారు.

ఆవిడ బూట్లు విప్పకుండా వెళ్ళి చూశారు. చాలాసేపు ఆ పెట్టె ముందే ఉన్నారు. వంటింట్లోకి వచ్చి టీ పెట్టుకోకుండా కూర్చున్నారు. మా ఆవిడ చేపల పులుసు పంపితే శ్రావ్యకు రెండు ముద్దలు తినిపించారే గానీ తను ముట్టలేదు.

క్రిస్మస్ ముందు ఒక పొద్దున శ్రావ్య కేక విని ఏ పైపు పగిలిందోనని పరుగెత్తాను. మొదటి పెట్టెలో, తడి ఆకు మీద, నువ్వుగింజ కంటే కాస్త పెద్దది. గుల్ల ఇంకా గాజులా ఉంది, లోపలిది కదలడం బయటికే తెలుస్తోంది. పిన్నిగారు భూతద్దం పట్టుకుని చూస్తూ, "ఇదిగో, మన ఇంటి ఉప్పు తిన్న పిల్ల" అన్నారు. శ్రావ్య ఏడుస్తూ నవ్వింది. ఆ రోజు ముగ్గురం టీ తాగాం.

వసంతంలో ఆవిడను మళ్ళీ తీసుకెళ్ళారు. ఈసారి స్ట్రెచర్ మీద నుంచి ఏమీ చెప్పలేదు. నా చెయ్యి పట్టుకుని వదిలేశారంతే. సాయంత్రాలు ఫోన్ మాత్రం వచ్చేది, గొంతు సన్నగా. చివరి రోజు కూడా ఒక్కటే మాట. తిన్నాయని శ్రావ్య చెప్పింది. అది నిజమే. పూత మీద గీతలు నేను కూడా చూశాను.

తర్వాతి రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నాకు భయం వేస్తుంది. పిన్నిగారికి పిల్లలు లేరు. భర్త అన్నగారి కూతురు ఈ దేశం ఉత్తరాది నుంచి వచ్చి అన్నీ మర్యాదగా చేసింది. కానీ ఇల్లు ఖాళీ చేసి తాళం అప్పగించాలి. జూలో గది ఇంకా సిద్ధం కాలేదు. మధ్యలో ఆ పెట్టెలు ఎక్కడ పెట్టాలి? కరెంటు కనెక్షన్ అప్పుడే తీయించొద్దని ఆమెను బతిమాలాను. వేసవి వస్తోందని బిల్డింగు హీటింగు తగ్గించమని నాకే ఆదేశం వచ్చింది. తగ్గించి, గదిలో ఇంకో చిన్న హీటరు పెట్టాను. అది ఎక్కువ వేడెక్కుతుందేమోనని పని మధ్యలో వదిలి వచ్చి చూసేవాణ్ణి. ఎవరింట్లోనో కుళాయి బిగిస్తూ, స్ప్రే సీసాలో నీళ్ళు మార్చానా అని ఆగిపోయేవాణ్ణి. శ్రావ్యకు వేరే గది దొరికింది. అయినా పెట్టెలు వెళ్ళేదాకా కదలనంది. ఖాళీ అయిపోయిన ఇంట్లో నేల మీద పరుపు వేసుకుని ఉండిపోయింది. పిన్నిగారు తన భయమంతా మా ఇద్దరికీ పంచి వెళ్ళారు.

చివరకు జూ నుంచి డాక్టరమ్మ వచ్చింది. పెట్టెలకు మెత్తటి గుడ్డలు చుట్టి, వెచ్చబెట్టిన వ్యానులో ఒక్కోటే పెట్టింది. జావ ఎలా కలపాలో, మూడో పెట్టె మూత ఎలా వేయాలో శ్రావ్య వివరంగా చెప్పింది. వ్యాను తలుపు వేసేముందు ఆగలేక, "కైన్ జాల్ట్స్, బిట్టె" అంది. ఉప్పు మాత్రం వద్దు, దయచేసి.

డాక్టరమ్మ విస్తుపోయి చూసింది. "నత్తలకు ఉప్పు ఎవరు వేస్తారు?"

శ్రావ్యా నేనూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. పిన్నిగారు పోయాక మేం నవ్వింది అప్పుడే.

ఆ నవ్వు ఎక్కువ రోజులు నిలవలేదు. అక్కడికి చేరాక అవి గాజుకు అతుక్కుని, గుల్ల మూతి మూసుకుని ఉండిపోయాయట. కదలవు, తినవు. డాక్టరమ్మ రోజూ ఫోన్ చేసి చెప్పేది. గాలి మారిందని అలిగాయో, దారిలో దెబ్బతిన్నాయో ఆమెకూ తెలియదు. "ఆవిడైతే ఏం చేసేవారు?" అని అడిగింది. నాకు వచ్చిన జర్మన్‌లో పిన్నిగారి మాట చెప్పాను, వాసన వచ్చేదాకా బతికున్నట్టే లెక్క అని. "మేం కూడా రోజూ వాసన చూస్తున్నాం" అంది.

పిన్నిగారి సమాధి మీద శ్రావ్య బంతి మొక్కలు నాటింది. ఇక్కడి వాళ్ళు వేసే పూలు ఆమెకు నచ్చలేదు. అమ్మమ్మకు మన పూలే ఉండాలంది. ఒక శనివారం నీళ్ళు పోద్దామని వెళ్ళాను. రాత్రి వాన పడి ఆగింది. చూస్తే బంతి మొక్కలకు ఒక్కటి తప్ప ఆకుల్లేవు. కాడలు పుల్లల్లా నిలబడి ఉన్నాయి. వాటి మధ్య నుంచి చెక్క శిలువ మీదికి తడి గీతలు, ఎండకు మెరుస్తూ. ఈ దేశంలో నత్తలకు బంతి ఆకు అంటే ప్రాణం. ఆ సంగతి మా ఇద్దరికీ తెలియదు.

పక్క సమాధి దగ్గర కలుపు తీస్తున్న ముసలాయన నా అవస్థ చూసి లేచి వచ్చాడు. చేతిలో డబ్బా, అందులో నీలం రంగు గుళికలు. నత్తల మందు. "కాస్త చల్లుకో. నేను ప్రతి వారం వేస్తాను."

"వద్దండి, థాంక్స్."

"వేయకపోతే ఇక్కడ నీకేమీ మిగలదు" అన్నాడు. ఫరవాలేదన్నాను. ఆయన భుజాలెగరేసి తన పనిలోకి వెళ్ళిపోయాడు.

జేబులో ఫోన్ కదిలింది. డాక్టరమ్మ. తీయాలంటే భయం వేసి కాసేపు చేతిలోనే పట్టుకున్నాను. తెరిస్తే మాటలు లేవు, ఒక ఫొటో. గాజు గోడ, దాని మీద జావ పూత. పూత మీద, ఒక మూల నుంచి ఇంకో మూలకు, సన్నటి వంకర గీతలు. ఆ గీతల చివర, నువ్వుగింజ కంటే పెరిగి ఇప్పుడు పెసరగింజంత అయినది ఒకటి, కొమ్ములు చాచి.

చుట్టూ చూశాను. ముసలాయన అటు తిరిగి ఉన్నాడు. శిలువ వైపు కొంచెం వంగాను.

"తిన్నాయండీ" అన్నాను.

తెచ్చిన నీళ్ళు మొదళ్ళలో పోయలేదు. ఒక అరచేతిలో పోసుకుని రెండో చేతి వేళ్ళతో సన్నగా చిలకరించాను, ఆవిడ చల్లినట్టు. మిగిలిన ఒకే ఒక్క ఆకు అడుగు నుంచి ఒక కొమ్ము మెల్లగా బయటకు వచ్చి, తడి గాలిని తడిమింది.